మర్యాద అడిగిన సెలవు

జూన్ 3

ఒరేయ్ వకీలూ,

నీ ఉత్తరం అందింది. మరదలికి ఎనిమిదో నెల వచ్చిందని, నడుం నొప్పితో నిద్ర పట్టడం లేదని రాశావు. పక్కకి తిరిగి పడుకుని మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోమను. దిండు లేకపోతే చెప్పు, ఇక్కడ మా లాండ్రీకి వచ్చిన ఆసుపత్రి దిండ్లు కుప్పలుగా పడి ఉన్నాయి. ఒకటి మాయమైతే ఎవరూ ఏడవరు. అమ్మ మోకాళ్ళకి మందు రాసుకుంటోందా, లేక సీసాని చూసి తృప్తి పడుతోందా?

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేంటని నా కూతురు నవ్వుతోంది. ఫోన్లో అయితే నువ్వు నా మాట పూర్తి కానివ్వవని దానికేం తెలుసు. కాగితం మీద నీ నోరు పెగలదు. నా మాట చివరిదాకా వినాల్సిందే.

ఇక అసలు సంగతి. బస్సు డిపోలో నువ్వు బ్రేకులు బాగుచేస్తున్నావనుకున్నాను గానీ, కార్మికుల కమిటీలో చేరి ఉపన్యాసాలు దంచుతున్నావనుకోలేదు. బిడ్డ పుడితే తల్లికే కాదు, తండ్రికీ సెలవు కావాలి, అదీ జీతంతో కావాలి అంటున్నావు. సెలవు వరకూ సరే. బిడ్డ మొహం చూడొద్దనేంత రాక్షసిని కాను. కానీ జీతం ఎందుకివ్వాలిరా? పిల్లల్ని కనాలనుకున్నవాళ్ళు దానికి తగ్గట్టు ముందే చూసుకోవాలి. నా కూతురు పుట్టినప్పుడు నేనింకా వేరేవాళ్ళ లాండ్రీలో పని చేస్తున్నాను. నెల తిరక్కుండా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డాను. నాకెవరిచ్చారు జీతం?

నాకున్నది చిన్న లాండ్రీ. ఒక మనిషి రాకపోతే రెండో మనిషికి ఊపిరాడదు. ఇక్కడ మర్యాద అని ఒకతను దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలర్ నడుపుతాడు, నీకు ఇదివరకే రాశాను. అసలు పేరు అందరం మర్చిపోయాం. వాళ్ళ తాతగారి దగ్గర పెరిగాడట, ఆ కాలం మాటలు అతనికి అలాగే అంటుకుపోయాయి. రోలర్ ఆగిపోతే అందరూ 'పాడైంది' అంటారు. అతను 'అమ్మా, యంత్రంగారు అలిగారు' అంటాడు. అతని పెళ్ళానికీ నెలలు నిండుతున్నాయి. ఏదో అడగాలని నా చుట్టూ తిరుగుతున్నాడు గానీ నోరు విప్పడం లేదు. అడిగితే సెలవిస్తాను. జీతం అంటే మాత్రం కుదరదని చెప్తాను.

మరదల్ని జాగ్రత్తగా చూసుకో.

ఇక సెలవు,
అక్క


జూన్ 14

అక్కా,

నీ ఉత్తరం చివర 'ఇక సెలవు' అని రాశావు. నీ దగ్గర దొరికే సెలవు అదొక్కటే అనుకుంటాను. దానికీ జీతం లేదు.

దిండు సలహా పనిచేసింది. దిండు మాత్రం పంపకు, ఆసుపత్రి ముద్ర వేసున్న దిండు మీద పడుకుంటే పీడకలలు వస్తాయంటోంది నీ మరదలు.

మా సూపరింటెండెంట్‌ని అడిగాను. 'కనేది నువ్వా?' అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు తలుచుకుంటే నాకే సిగ్గేసింది. మా దగ్గర తండ్రికి సెలవుంది, జీతం లేదు. అందుకే ఒక్కడూ తీసుకోడు. తీసుకోలేని దాన్ని ఇచ్చామని గొప్పలు చెప్పుకుంటారు. నేను కమిటీలో చెప్పిందే నీకూ చెప్తున్నాను: బిడ్డ పుట్టినప్పుడు జీతంతో ఇస్తేనే అది సెలవు. జీతం లేకుండా ఇస్తే దాని పేరు పస్తు.

నీలాంటి చిన్న యజమానుల సంగతి నాకు తెలియక కాదు. నీ మీద పడే బరువు నువ్వొక్కదానివే ఎలా మోస్తావని అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. ప్రభుత్వం కొంత, పెద్ద కంపెనీలు కొంత వేసి ఒక నిధి పెట్టాలంటాను. అది వచ్చేలోపు మర్యాద బిడ్డ బడికెళ్తుందంటావు నువ్వు. అదీ నిజమే.

ఒక మాట. 'కనాలనుకున్నవాళ్ళు ముందే చూసుకోవాలి' అని రాశావు కదా. నీ మరదలు అది రెండుసార్లు చదివింది. 'వదిన మనల్నే అన్నారా?' అని అడిగింది. కాదన్నాను. అయినా ఆ ఉత్తరం మడిచి దిండు కింద పెట్టుకుంది. ఒక ముక్క రాయి, మనసు తేలికపడుతుంది.

అమ్మ సీసాని చూసే తృప్తి పడుతోంది.

నీ తమ్ముడు,
ఫీజు లేని వకీలు


జూన్ 25

ఒరేయ్,

నీ ఉపన్యాసం నా కొంప ముంచింది. మర్యాద వెళ్ళిపోయాడు.

నీ ఉత్తరం వచ్చిన రోజు దాన్ని పట్టుకెళ్ళి రోలర్ దగ్గర నిలబడి అందరికీ చదివి వినిపించాను. నా తమ్ముడి తెలివి చూసి నవ్వుతారని. జీతంతో ఇస్తేనే సెలవు, లేకపోతే పస్తు అన్నావే, ఆ వాక్యం గట్టిగా చదివి 'విన్నారా అందరూ' అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. ఒక పక్క మిషన్ల మోత, ఇంకో పక్క ఆవిరి. సగం మందికి వినిపించిందో లేదో కూడా తెలీదు. మర్యాద మాత్రం రోలర్ వదిలేసి నా వంకే చూశాడు.

మర్నాడు పని అయ్యాక వచ్చాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, చేతులు కట్టుకుని నిలబడి, 'అమ్మా, ఇక నాకు సెలవు ఇప్పించండి' అన్నాడు.

 ఆ ముందు రోజే వంతెన అవతల లాండ్రీ వాళ్ళ వ్యాను మన గేటు ముందు ఆగి ఉండడం చూశాను. వాళ్ళు మంచి మనుషుల్ని గాలం వేసి లాక్కుంటారని అందరికీ తెలుసు. నా దగ్గర పని నేర్చుకుని, నా టీ తాగి, ఒక్క మాట ముందు చెప్పకుండా సెలవు అంటాడా? ఎక్కడికి, ఎందుకు అని అడగడానికి నా అభిమానం అడ్డొచ్చింది. 'సంతోషంగా ఇచ్చాను, వెళ్ళు' అన్నాను. 'తమరి మేలు ఈ జన్మకి మరచిపోను' అని తల వంచి మరీ వెళ్ళాడు. మేలట. మీ బావ మన డెలివరీ వ్యాను దిగి వచ్చి, 'ఏమిటలా ఉన్నావ్' అంటే ఆయన మీద కూడా అరిచాను.

కొత్తవాణ్ణి పెట్టాను. వాడికి రోలర్ వేడి ఎంత పెట్టాలో తెలీదు. ఆసుపత్రి దుప్పట్లు గోధుమ రంగులో బయటికొచ్చాయి. అక్కడి మేట్రన్ వాటిని చేత్తో పట్టుకుని, 'ఇవి కాల్చి పంపమని మేము అడగలేదే' అంది. ఆ దుప్పట్లన్నిటికీ నేనే డబ్బు కట్టాలి.

మడతల బల్ల దగ్గర ఇప్పుడు నేనే నిలబడుతున్నాను. పెద్ద దుప్పటి ఒక్కరు మడవలేరు, తెలుసుగా. అవతలి అంచు పట్టుకునే మనిషి కావాలి. ఆ మూల ఎప్పుడూ మర్యాద ఉండేవాడు. చేతులు నొప్పిగా ఉన్నాయి, ఇక రాయలేను.

సెలవు,
అక్క


జూలై 6

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు జాలేసింది, తర్వాత అనుమానం వచ్చింది. కోపం పక్కన పెట్టి నా ప్రశ్నకి జవాబు చెప్పు. అతను 'మానేస్తున్నాను' అన్నాడా? 'వేరే పని దొరికింది' అన్నాడా? 'సెలవు ఇప్పించండి' అన్నాడు, అంతేగా?

నెలలు నిండిన పెళ్ళాం ఇంట్లో ఉన్న మగాడు సెలవు అడిగితే ఏమడిగినట్టు? ఇంకెవరైనా అయితే 'రెండు వారాలు లీవు కావాలి' అనేవాళ్ళు. నీకు వెంటనే అర్థమయ్యేది. అతను తాతగారి భాషలో అడిగాడు. నువ్వేమో ఉత్తరం చివర రాసే సెలవు అనుకున్నావు. అతనడిగింది ఉత్తరం మధ్యలో మనం పోట్లాడుకుంటున్న సెలవు.

అలా కాకపోతే నన్ను తిట్టు. కానీ ముందు వాళ్ళింటికి వెళ్ళు. ఎవర్నో పంపి కనుక్కోవడం కాదు, నువ్వే వెళ్ళు.

ఇంకో మాట. ఇది వాదన కాదు, అలా తీసుకోకు. 'నాకెవరిచ్చారు జీతం' అని రాశావు. అప్పుడు నాకు ఊహ తెలుసు కాబట్టి గుర్తుంది. అమ్మ అప్పుడు కుట్టు కంపెనీలో ఉండేది. ఏళ్ళ తరబడి మిషన్ ముందు వంగి కుట్టాక కొత్తగా సూపర్‌వైజర్‌ని చేశారు. చేతులున్న కుర్చీ ఇచ్చారు. ఇంటికొచ్చి ఆ కుర్చీ గురించే చెప్పేది, మోచేతులు ఆనించుకోవచ్చని. నువ్వు నెల తిరక్కుండా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డావంటే, ఆ పూటలన్నీ నీ కూతురు ఎవరి ఒళ్ళో ఉంది? అమ్మ ఆ ఉద్యోగం మానేసింది, అక్కా. ఆ సెలవుకి జీతం ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. నీకు అమ్మ ఇచ్చింది.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. లేచి వెళ్ళి మందు సీసా తుడిచి మళ్ళీ అక్కడే పెట్టింది. 

నువ్వు మరదలికి ఒక్క ముక్క రాయలేదు. తనకి కష్టంగానే ఉంది. పురుడు వేళకి వదినని రమ్మని అడగొద్దు, పని పాడవుతుంది అంటోంది.

తమ్ముడు


జూలై 15

ఒరేయ్ వకీలూ,

వెళ్ళాను. మూడంతస్తుల మెట్లు, లిఫ్ట్ లేదు. పైకెక్కేసరికి ఆయాసంతో తిట్లన్నీ అయిపోయాయి. తలుపు తీసే ఉంది. మర్యాద వరండాలో కూర్చుని టబ్బులో చిన్న చిన్న గుడ్డలు ఉతుకుతున్నాడు. మా దగ్గర దుప్పటి ఎలా పిండుతాడో అలాగే, అంచులు కలిపి. నన్ను చూసి తడి చేతులతోనే లేచాడు.

'తమరు ఇంతదూరం వచ్చారా' అని లోపలికి కేకేశాడు. పెళ్ళాం మంచం మీద లేచి కూర్చుంది. ఆడపిల్ల పుట్టిందిరా. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి వారమైంది. ఆ అమ్మాయి కాన్పులో ఆపరేషనై లేవలేకపోతోంది, వాళ్ళకంటూ ఇంకెవరూ లేరు. అన్నీ అతనే చేస్తున్నాడు. నేను కూర్చున్నానో లేదో బిడ్డని తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. పిల్ల నా వేలు పట్టుకుంది, వదల్లేదు.

ఆ అమ్మాయి, 'మీరు జీతంతో సెలవిచ్చారని ఈయన వచ్చి చెప్తే నేను నమ్మలేదమ్మా. ఈ బిల్డింగులో అందరికీ చెప్పాను. మా ఆయన పనిచేసేచోట ఇలాంటి యజమానురాలు ఉందని' అంది.

జీతంతో సెలవు నేనెప్పుడిచ్చానా అని మెల్లగా మర్యాదనే కదిపి, సంగతంతా చెప్పించాను. 

సంగతేంటంటే, ఆ రోజు నేను నీ ఉత్తరం చదివింది వెక్కిరించడానికని ఆ మోతలో అతనికి తెలియలేదు. జీతంతో ఇస్తేనే సెలవు అని నేను గట్టిగా చదివి, 'విన్నారా అందరూ' అన్నాను కదా. అది మన లాండ్రీలో కొత్త రూలు అనుకున్నాడు. అడగలేక అడగలేక తిరుగుతున్న మనిషికి ఆ మాటతో ధైర్యం వచ్చి మర్నాడే వచ్చి అడిగాడు. నేనేమో సంతోషంగా ఇచ్చాను అన్నాను. అతను మేలు మరచిపోనన్నాడు. ఇప్పుడు చెప్పు, ఎవరిది తప్పు?

వంతెన అవతలి వాళ్ళ వ్యాను సంగతి కూడా అడిగేశాను. టైరు పంక్చరైతే ఆగిందట. సాయం పట్టింది మన మర్యాదే.

ఒళ్ళో బిడ్డని పెట్టుకుని 'జీతం లేదు, నువ్వు పొరబడ్డావు' అని చెప్పే మనిషి ఎవరైనా ఉంటే ఆవిడకి నా దండం. నేను చెప్పలేకపోయాను. 'మీ ఆవిడ లేచి తిరిగేదాకా ఉండు, తర్వాత రా' అన్నాను. నీ వాదనకి ఓడిపోయానని పండగ చేసుకోకు. నేను ఓడిపోలేదు, ఇరుక్కుపోయాను. మీ బావ కాగితం పెన్సిలు తీసుకుని కూర్చున్నారు. మాడిన దుప్పట్లు, కొత్తవాడి కూలి, ఆసుపత్రికి సర్దిచెప్పడం, అన్నీ కలిపి చూస్తే, మర్యాదని ఇంట్లో కూర్చోబెట్టి జీతమిచ్చినా ఇంతకన్నా తక్కువే అయ్యేదట. ఆయన నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వే నాకు నచ్చలేదు.

నువ్వు అమ్మ గురించి రాసిన పేజీ ఇంతవరకూ మీ బావకి చూపించలేదు. చేతులున్న కుర్చీ. ఆ మాట నేను ఎప్పుడో విన్నాను, తర్వాత అది ఏమైందని అడగలేదు. అమ్మ ఇంట్లో ఉంటోంది, పిల్లని చూస్తోంది, అంతే అనుకున్నాను. అమ్మ కదా, చూస్తుంది అనుకున్నాను. నాకు చాలా బాధగా ఉందిరా.

మరదలికి చెప్పు, ఆ వాక్యం మిమ్మల్ని అన్నది కాదు, ఎవరినీ అనాల్సింది కూడా కాదు. నన్ను రావొద్దందట. సరే, తన ఇష్టం. బలవంతంగా వచ్చి మంచం పక్కన కూర్చునే రకం కాదు నేను.

ఉంటాను,
అక్క


జూలై 29

అక్కా,

నీకు మేనల్లుడు పుట్టాడు. ఇద్దరూ క్షేమం. ముక్కు నీదే, అప్పుడే ఎర్రబడి అందరి మీదా కోపంగా ఉన్నాడు.

ముందు ఇది విను. నీ మరదలు 'రావొద్దు' అనలేదు. 'అడగొద్దు' అంది. వదిన వస్తే బావుండునని రోజూ అనుకుంటూ, పని పాడుచేసుకుంటుందని అడగొద్దంది. ఈ రెండు మాటలకీ తేడా మన ఇంట్లో ఎవరికీ తెలీదా? నీ జవాబు చదివి ఏడ్చింది, నవ్వింది, ఇప్పుడు ఆ రెండు ఉత్తరాలూ కలిపి దిండు కింద పెట్టుకుంది.

కమిటీ సంగతి. యాజమాన్యం ఒప్పుకోలేదు. సెలవు కావాలంటే తీసుకోండి, జీతం మాట ఎత్తకండి అన్నారు. అద్దె కట్టాలి, మందులు కొనాలి. నేను మూడో రోజే పనికి వచ్చేశాను. ఈ ఉత్తరం బస్సు కింద పడుకుని లేచి, మధ్యలో టీ టైములో రాస్తున్నాను. కాగితం మీద గ్రీజు మరక నాదే. ఊరందరి కోసం వాదించిన సెలవు నాకే దొరకలేదు. మర్యాద ఇంటి మెట్లెక్కి నువ్వు చూసిన దృశ్యం తలుచుకుంటే అసూయగా ఉందక్కా, నిజం చెప్తున్నాను.

అమ్మే అన్నీ చేస్తోంది. బిడ్డని ఎత్తుకుని లేచేటప్పుడు గోడ పట్టుకుంటోంది. నేను చూస్తే గోడ వదిలేస్తుంది. నీ ఉత్తరం వినిపించాను. బిడ్డని భుజం మీద వేసుకుని అంది, 'దాన్ని ఏడవొద్దను. నాకు ఆ పిల్లతో గడిపిన రోజులు ఇష్టమే. కుర్చీ కూడా ఇష్టమే. రెండూ ఉండొచ్చని అప్పుడు ఎవరికీ తోచలేదు, అంతే.'

బెల్లు కొట్టారు. మళ్ళీ బస్సు కిందకి పోవాలి.

తమ్ముడు


ఆగస్టు 4

ఒరేయ్ తండ్రీ,

ఇకనించి నిన్ను వకీలు అనను. ఆ బిరుదు పెద్దయ్యాక నా మేనల్లుడికి ఇస్తాను.

మర్యాద తిరిగొచ్చాడు. పెళ్ళాం లేచి తిరుగుతోందట. రాగానే రోలర్ మీద చెయ్యి వేసి, 'యంత్రంగారు చిక్కిపోయారమ్మా' అన్నాడు. కొత్తవాణ్ణి పంపేయలేదు, డ్రయ్యర్ల దగ్గర పెట్టాను. అక్కడ కాల్చడానికి ఏమీ లేదు.

నీ ఉత్తరం మర్యాద ముందు చదువుకున్నాను. చదువుతూ మడతల బల్ల దగ్గర ఆగిపోయాను. దుప్పటి రెండో అంచు పట్టుకుని అతను అలాగే నిలబడి ఉన్నాడు. ఏమైందమ్మా అన్నాడు. చెప్పాను, అమ్మ గోడ పట్టుకుని లేస్తోందని. అతను ఏమన్నాడో తెలుసా? 'తమరు సెలవు తీసుకోండమ్మా. ఇక్కడ మేం చూసుకుంటాం. తమరి జీతం కోయబోం' అన్నాడు. మీ బావ తలుపు దగ్గర నిలబడి వింటున్నారు. పక్కకి తిరిగి నవ్వుకున్నారు. ఈసారి ఆ నవ్వు నాకు నచ్చింది.

కాబట్టి వస్తున్నాను. శనివారం పొద్దున్న బస్సుకి. ఎన్నాళ్ళుంటానో అడక్కు, మరదలు లేచి తిరిగేదాకా. ఉతకాల్సినవన్నీ నా కోసం ఉంచు. నా కన్నా బాగా ఉతికేవాళ్ళు మీ ఊళ్ళో లేరు.

అమ్మకి చెప్పు, ఈ పిల్లాడి వంతు నాది. ఆవిడ చెయ్యి పెట్టడానికి వీల్లేదు. మీ ఇంట్లో చేతులున్న కుర్చీ ఉందా? లేకపోతే శుక్రవారం లోపు ఒకటి కొను, డబ్బు నేనొచ్చి ఇస్తాను. కిటికీ పక్కన వేసి ఆవిడని కూర్చోబెట్టు. మోచేతులు ఆనించుకోమను. నేను లోపలికి రాగానే ముందు అదే చూడాలి.

ఇంకో సంగతి. నేనొచ్చి నీ ఇల్లు చూసుకుంటే మీ డిపో వాళ్ళకి మళ్ళీ ఊరికే దొరికినట్టవుతుంది. అప్పుడు అమ్మ, ఇప్పుడు నేను. నాకు అర్థం కాకపోలేదు. అందుకని నువ్వు కమిటీలో మానొద్దు. నా లాండ్రీ గోడ మీద ఒక బోర్డు పెట్టించాను. అందులో రాసింది మీ సూపరింటెండెంటుకి చదివి వినిపించు. ఇంత చిన్న లాండ్రీ ఇవ్వగలిగింది అంత పెద్ద డిపో ఎందుకివ్వదో అడుగు. ఒక్క జాగ్రత్త, మిషన్లన్నీ ఆపించి చదువు. మోతలో చదివితే ఏమవుతుందో నాకు తెలుసు.

బోర్డు మీద మాటలు మర్యాద చేత చెప్పించుకుని నేనే రాశాను:

'ఇక్కడ పనిచేసేవారికి బిడ్డ పుడితే, తల్లికైనా తండ్రికైనా, జీతంతో సెలవు ఇవ్వబడును. సెలవు అనగా తిరిగి వచ్చుట.'

అందుకే ఈ ఉత్తరం చివర ఎప్పుడూ రాసే మాట రాయడం లేదు.

వస్తున్నాను,
అక్క